బోర్డు లేని చిరివేరు

మొన్న పేపర్లో మా బందరు మొక్కల తోట గురించి అరపేజీ రాశారు. స్థాపకుల దూరదృష్టి అట! చదివి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాను, లేకపోతే విసిరికొట్టేవాణ్ణి. ఆ దూరదృష్టిని దగ్గరనుంచి చూసినవాణ్ణి నేను. బడి మొహం చూడకపోయినా రేకులమీద పేర్లు రాసీ రాసీ అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. ఆ తోటలో మొక్కల బోర్డులన్నీ అప్పట్లో నా చేతిరాతే.

తెల్లవాళ్లు ఇంకా ఉన్న రోజులు. ప్లీడరుగారొకరు ఎక్కడో తోట చూసొచ్చి, మనకీ అలాంటిది ఉండాలన్నారు. ఊరంతా ఊగిపోయింది. గుడివాడ నుంచి బళ్లమీద, అవనిగడ్డ వైపు నుంచి పడవల్లో మొక్కలొచ్చాయి. నేల మాత్రం సముద్రం వైపు, ఎవరికీ పనికిరానిది దొరికింది. పాతిన మామిళ్లు, సంపెంగలు నెల తిరక్కుండా మాడిపోయాయి. ఎరువు చాలలేదని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు కమిటీలో వాదించుకుంటుంటే, పెడన నుంచి అద్దకం మావయ్య వచ్చాడు. నాకు చుట్టమేమీ కాదు. బట్టలమీద అచ్చులు వేసే ఆ ముసలాయన్ని అందరం అలాగే పిలిచేవాళ్లం. ఉప్పునీళ్లలో ఉతికితే అద్దకం చెడుతుంది గనక, నీటినైనా మట్టినైనా నాలుక చివర పెట్టి గుణం చెప్పెయ్యడం వాళ్ల ఇళ్లలో మామూలు. చిటికెడు మట్టి నోట్లో వేసుకుని ఉమ్మేసి, "ప్లీడరుగారూ, ఇందులో మామిడి బతికితే మీ ఇంట్లో ఆడవాళ్లకి పని తగ్గుద్దండీ. కాయ చెట్టుమీదే ఊరగాయైపోద్ది" అన్నాడు.

నవ్వినవాళ్లం నవ్వాం గానీ, ఆయన చెప్పినట్టే చేశాం. గట్లు వేసి కాలవనీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగాక వదిలేసి, మళ్లీ నింపి, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి, ఎదిగాక కలియదున్నించాం. ఏడాది పట్టింది. ఆ తర్వాత పాతిన మొక్క పాతినట్టు లేచింది. ఇంత చేసినందుకు మావయ్య అడిగింది ఒక మూల నాలుగు చాపలంత ఇసక నేల. అందులో చిరివేరు విత్తాడు. బందరు అద్దకానికి ఆ ఎరుపు ఇచ్చిందే ఆ వేరు. డబ్బా రంగులొచ్చాక దాన్ని తవ్వేవాళ్లూ లేరు, పెంచేవాళ్లూ లేరు; ఆ గుప్పెడు విత్తనం కోసం ఆయన దివిసీమ ఇసక దిబ్బలన్నీ కాలినడకన తిరిగాడు. "వేరుకి రంగు పట్టాలంటే మూడేళ్లుండాలిరా అబ్బాయ్. నేను పోయేలోపు దీంతో ఒక్క బట్ట అద్ది చూపిస్తే చాలు" అనేవాడు నాతో.

కమిటీకి ఒక నియమం ఉండేది: లాటిన్ పేరు లేనిదే బోర్డు రాయకూడదు. చిరివేరుకి ఆ పేరేమిటో అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తెలియదు. "తెలుగులో రాసేస్తానండీ" అని నేనంటే, "ఇదేం సంత కాదోయ్, శాస్త్రం" అన్నారు ప్లీడరుగారు. నేనూ నోరు మూసుకున్నాను, అదీ చెప్పుకోవాలి. విత్తిన రెండో ఏడు, ప్రారంభోత్సవానికి దొరగారు వస్తున్నారని తోట శుభ్రం చేయించారు. బోర్డు లేనిదంతా కలుపే, పీకెయ్యమని కూలీలకి హుకుం. చిరివేరు చూడటానికి గడ్డిలాగే ఉంటుంది. పీకేశారు. ఆ చోట కుండీల్లో క్రోటన్లు పెట్టారు. వాటికి బోర్డు ఉంది, లాటిన్‌తో సహా!

మావయ్య వచ్చి, గట్టు పక్క కుప్పలో ఎండిపోతున్న వేళ్లని ఏరుకుని గోటితో గీరి చూశాడు. రంగు అప్పుడప్పుడే పడుతోంది.

"అయ్యో, అది మొక్కా! పోనిద్దురూ, మళ్లీ వేద్దాం" అన్నారు ప్లీడరుగారు, దొరగారికి వెయ్యబోయే దండ సర్దుతూ.

"అలాగే బాబూ. విత్తనం నేను తెస్తా, మూడేళ్లు మీరు తెండి" అన్నాడు మావయ్య. మళ్లీ ఆ గేటు తొక్కలేదు.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. మూడేళ్లేగా, ముసలాయనకి ఇంత పెంకితనమేమిటి అనుకున్నాను. ఇప్పుడు ఆయన వయసు దాటి కూర్చున్నాను. ఈమధ్య ఎవరైనా "వచ్చే ఏడు చూద్దాం లెండి" అంటే, ఆ ఏడు ఎవరిదనుకుంటున్నారో అడగాలనిపిస్తుంది.