ఊరంతా చూసిన గండి

1893 భాద్రపదం. గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక బ్రాంచి కాలువ మీద నేను ఓవర్సీరుగా ఉన్న రోజులు. పది మైళ్ల కాలువ నా సెక్షను. అంటే ఆ మేర గట్లకూ తూములకూ ఏం జరిగినా అడిగేది నన్నే. నా కింద నలుగురు లస్కర్లుండేవారు. రోజూ గట్టు వెంట నడిచి, నీటి మట్టం చూసి, గట్టు ఎక్కడ నలిగితే అక్కడ పారతో మట్టి వేసి నిలబెట్టడం లస్కరు పని. సర్వీసులో చాలా గండ్లు చూశాను గానీ నన్ను ఇప్పటికీ వదలనిది ఆ ఏడాది పడ్డ ఒక చిన్న గండి.

తెల్లవారాక కబురొచ్చింది. పడవ వేసుకుని వెళ్లేసరికి గట్టు బండి పట్టేంత మేర తెగి, కొత్తగా నాట్లు వేసిన చేలు మునిగి ఉన్నాయి. ఊరి జనం తాటిమొద్దులు అడ్డం వేసి, మట్టి పోసి మధ్యాహ్నానికి గండి పూడ్చారు. గండి పూడకముందే దోషి దొరికాడు. లస్కరు దావీదు! ఆ దిగువ చేను అతని బావమరిది కౌలుకు చేస్తున్నాడు. నీళ్లు చాలడం లేదని బావమరిది కోసం గట్టు కోశాడు, చిన్న కోత కాస్తా గండి అయింది. ఇదీ ఊరి మాట.

కరణం గారు మహజరు రాసి తెచ్చారు. జరిగింది ఇదీ అని పెద్దలు సంతకాలు పెట్టి ఇచ్చే కాగితం అది. "దావీదు పారతో గట్టు కోయుచుండగా మేమందరము చూచితిమి" అని ఉంది. కింద పదకొండు సంతకాలు. నాది పడితే కాగితం మా ఇంజనీరు దొర గారికి వెళుతుంది. దావీదు ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదు. అతనికి ముగ్గురు చిన్నపిల్లలు.

నిజం చెప్పొద్దూ, ఆ కాగితం చూడగానే నా ప్రాణం కుదుటపడింది. లస్కరు కోస్తే తప్పు లస్కరుది. గట్టు తనంతట తాను తెగితే తప్పు సరిగా చూసుకోని ఓవర్సీరుది. కలం సిరాలో ముంచాను కూడా.

అప్పుడు మా మాస్టారు అడ్డం పడ్డారు. మనిషి అక్కడ లేరు, రాజమహేంద్రవరంలో ఉన్నారు. నేను అక్కడి ఆఫీసులో పటాలు గీసే రోజుల్లో, రెండేళ్లపాటు ప్రతి ఆదివారం ఆ పింఛను మాస్టారి అరుగు మీద తత్వశాస్త్రం చదివాను. ఆయన అన్నీ వరుసలో చెప్పేవారు. తెలియడం అంటే ఏమిటి, అది ఏయే దారుల్లో వస్తుంది, తెలిసినదాన్నించి తెలియనిదాన్ని ఎలా ఊహించాలి, ఆ ఊహ ఎక్కడ దారి తప్పుతుంది. ఇవన్నీ అయ్యాకే మనిషి ఎలా బతకాలన్న సంగతి. నాకు ఆ చివరిదాని మీదే తొందర.

"ఏమోయ్, పునాది లేకుండా మేడ కడతావా ఏంటి? ఇంజనీర్ల ఆఫీసులో నేర్చుకున్నది ఇదేనా?" అనేవారు. "ఒకడి ఆకలికి ఇంకొకడు తినలేడు. ఒకడి బదులు ఇంకొకడు ఆలోచించలేడు. ఎందరిలో ఉన్నా నీ బుద్ధికి నువ్వే పూచీ" అని కూడా అనేవారు. ఆఫీసులో తోటివాళ్లు నన్ను ఆడుకునేవారు. "తర్కం చదివితే తూము తలుపు దానంతటదే లేస్తుందటోయ్!" అని.

కలం పక్కన పెట్టి మునసబు వీర్రాజు గారిని అడిగాను.

"ఎవరు చూశారండీ?"

"ఊరంతా చూసిందండి."

"ఊరికి కళ్లుండవు కదండీ. మనుషుల్లో ఎవరు చూశారు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏంటండి ఓవర్సీరు గారూ, పదకొండు మంది పెద్దమనుషులు సంతకాలు పెడితే మీకు చాలదాండి?"

కాలువలో పడవలు దాటించే లాకు పక్క గదిలోకి ఒక్కొక్కరినే పిలిచాను. కరణం గారికి మునసబు గారు చెప్పారు. మునసబు గారికి పాలేరు చెప్పాడు. అలా సంతకాలు పెట్టిన పదకొండు మందీ విన్నవాళ్లే. కళ్లతో చూసింది గొడ్లు తోలుకెళ్లే రామన్న ఒక్కడే.

"దావీదు చేతిలో పార చూశావా?"

"సూశానండి."

"అప్పటికి నీళ్లు బయటికి వస్తున్నాయా?"

"ఆయ్, ధారగా వత్తన్నాయండి. ఆడు మట్టేత్తన్నాడండి. నన్నూ రమ్మని కేకేశాడండి."

"మరి కోశాడని ఎందుకు చెప్పావు?"

"నేనలా అన్లేదండి. గండికాడ పారట్టుకుని దావీదున్నాడన్నానండి. మిగతాది ఆళ్లే అనుకున్నారండి."

అంతమాత్రాన దావీదు అంతకుముందు కోయలేదని తేలదు. కోస్తే ఏం కనబడాలి, కోయకపోతే ఏం కనబడాలి అని ఆలోచించుకుంటూ గట్టు మీదికి నడిచాను. గండి అంచున మునసబు గారి గడ్డిమేటు సగం మిగిలి ఉంది. గట్టు మీద మేట్లు వేయకూడదని మా రూలు. కానీ ఎత్తు చోటని రైతులందరూ అక్కడే వేస్తారు. వేసవిలో వీర్రాజు గారు అడిగితే, పోనీలెండి అన్నది నేనే.

గడ్డి లాగించాను. కింద అంతా పందికొక్కుల బొరియలు. వెదురు కర్ర దూర్చితే నిలువునా పోయింది. ఒక బొరియలోంచి అప్పటికే నీరు ఊరుతోంది, అక్కడ ఏ పారా పడకుండానే. వీర్రాజు గారిని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు వంగి చూసి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు.

దావీదు ఒంటినిండా బురదతో గట్టు కింద కూర్చుని ఉన్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదయ్యా?"

"అడిగితే సెబుదునండి. ఎవరూ అడగలేదండి."

నాకు సిగ్గేసింది. నేనూ అడగలేదు.

పందికొక్కుల వల్ల గండి పడిందనీ, మేటుకు ఒప్పుకున్నది నేనేననీ రిపోర్టు రాసి పంపాను. వారం గడిచింది. దొర గారు స్వయంగా వచ్చి బొరియలు చూశారు.

"ఈ మేటు ఉండనిచ్చింది ఎవరు?"

"నేనేనండి."

నా సర్వీసు పుస్తకంలో ఒక చెడ్డ మాట పడింది. దావీదు పని దావీదుకు మిగిలింది. అతన్ని తీసేయడం లేదని వినగానే లాకు మెట్ల మీద కూలబడి కాలువ నీళ్లు ముఖాన కొట్టుకున్నాను. చీవాట్లు తిని అంత తేలికపడ్డ రోజు నా జీవితంలో మరొకటి లేదు.

మాస్టారి దగ్గర చదివింది నన్ను తెలివిగలవాణ్ణి చేసిందని అనను. బొరియలు చూడటానికి తత్వశాస్త్రం అక్కర్లేదు, వంగితే చాలు. కానీ వంగకపోతేనే నాకు లాభమైన రోజున నన్ను వంచింది ఆ చదువే. అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరుకుని ఉంటే నాకు పనికొచ్చే ముక్కే వాడుకుని సంతకం పెట్టేసేవాణ్ణి. వరుసగా చదివినందువల్ల, ఇది ఎలా తెలిసింది అన్న మొదటి ప్రశ్నను దాటి వెళ్లడం నాకు చేతకాలేదు.

మరుసటి ఏడు కాలువకు నీళ్లు వదిలే ముందు, గట్టు మీద నడుస్తూ దావీదుతో అన్నాను, "ఈ మేర బాగానే ఉందిలే" అని.

అతను ఆగాడు. కొంచెం భయపడుతూనే నవ్వాడు.

"ఆయ్... సూశారాండి, ఇన్నారాండి?"

చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, గట్టు కిందికి దిగాను.