కడప షూటింగ్ క్లబ్బులో మూడో రైఫిల్

మా మనవరాలు మేఘన కర్నూలులో ఇంటర్ చదువుతూ ఎయిర్ రైఫిల్ అంతంతమాత్రంగా నేర్చుకుంది. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో రాష్ట్ర పోటీలకు వెళ్లాలంటే కడపలో ఒక క్లబ్బు పెట్టే పరీక్ష నెగ్గాలి. పది తూటాల్లో ఎనిమిదైనా నల్లచుట్టులో పడాలి. అక్కడ రెండు రకాల రైఫిళ్లు ఉంటాయని, ఒకటి ఎంచుకోవాలని చెప్పారు. ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ ఎంపిక పిల్లకు వదలడం ఇష్టం లేక వెంట బయలుదేరాను.

ఉదయం ఐదున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటల దారి. టికెట్టు మనిషికి నాలుగు వందల లోపే. ఆళ్లగడ్డలో బస్సు ఆగితే బొరుగుల ఉగ్గాని తిన్నాం. నూనె చేతులతో తుపాకీ పట్టకూడదని బజ్జీలు వద్దన్నాను.

"తుపాకీనా! ఎవురి మీదికి పోతాండారవ్వా?" అంది హోటలామె.

"కాగితం మీదికి."

"అదేం జేసింది పాపం?"

కడపలో దిగి ఆటోలో క్లబ్బు చేరాం. శిక్షకుడు ఖాదర్ సైన్యంలో చేసి వచ్చిన మనిషి. రెండు రైఫిళ్లు బల్లమీద పెట్టాడు. మొదటిదాని బోల్టు స్నానాలగది గడియలాంటిది. తూటా తూటాకూ పిడి ఎత్తి వెనక్కి లాగాలి, ముందుకు తోసి దించాలి. రెండోది సొరుగులా నేరుగా వస్తుంది, పోతుంది. మొదటిది మొరాయించదు. రెండోది వేగం, కానీ లోపల భాగాలెక్కువ. ముప్పావుగంట ప్రశ్నలడిగాను.

"టీచరమ్మా, పెండ్లిసంబంధానికి గూడా ఇన్ని అడగరు" అన్నాడు ఖాదర్.

గడియదే ఖాయం చేశాను. అభ్యాసంలో ఐదింటికి నాలుగు తప్పాయి. సొరుగుది ఇప్పించాను. అదీ అంతే. పరీక్షకు ఇక అరగంటే ఉంది. ఖాదర్ మేఘనను నిలబెట్టి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న స్తంభాన్ని వేలితో చూపించమన్నాడు.

"కుడికన్ను మూయి. వేలు కదిలిందా?"

"లేదు సార్."

"ఎడమది మూయి."

"పక్కకు పోయింది."

"నీ గురి ఎడమకంట్లో ఉండాది పాపా. చెయ్యి గూడా ఎడమదేనా?"

"కాదు" అన్నాను నేను.

"అవును సార్. ఒకటో తరగతిలో అవ్వ స్కేలుతో కొట్టి మాన్పించింది" అంది మేఘన.

ఖాదర్ బీరువాలోంచి మూడో రైఫిల్ తీశాడు. అదీ గడియ రకమే, కానీ పిడి ఎడమవైపు ఉంది. "దీన్ని అడిగేవాళ్లు శానా తక్కువ" అన్నాడు. మేఘన దాన్ని ముట్టుకోకుండా నా వైపు చూసింది.

"ఎడమచేత్తోనే పట్టుకో" అన్నాను.

పరీక్షలో ఏడు తూటాలు నల్లచుట్టులో పడ్డాయి. రెండు బయట పడ్డాయి. చివరిది సరిగ్గా అంచుమీద కూర్చుంది. కళ్లద్దాలు తుడుచుకుని నేనూ వంగి చూశాను.

"గీత తాకింది. ఎనిమిది" అన్నాడు ఖాదర్.

రెండు బోల్టులను అంత శ్రద్ధగా పోల్చి చూసినదాన్ని, వాటిని పట్టే చేతుల్ని ఒక్కసారీ చూడలేదు. తిరుగు బస్సు ఆళ్లగడ్డలో ఆగినప్పుడు మేఘనకు క్షమాపణ చెప్పాను. అది వెంటనే ఎడమచేత్తో బజ్జీ అందుకుంది. రాజీ రైఫిల్ వరకేనని, తిండికి కుడిచెయ్యేనని గుర్తుచేశాను. మీరు వెళ్లేముందు క్లబ్బుకు ఫోన్ చేసి, మీ పిల్లది ఏ చేతివాటమో మొదట చెప్పండి. అయితే ఆ సంగతి పిల్లనే అడిగి తెలుసుకోండి.