నయీమ్ గది చిరునామా

బహ్రెయిన్‌లో ఉండటానికి నాకిచ్చినది డెబ్బై రెండు గంటలు. సౌదీ తీరంలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా రెండేళ్లు పనిచేసి, మొదటిసారి సెలవు మీద ఇంటికి బయల్దేరాను. తొంభైల్లో మా కంపెనీ మనుషుల్ని బస్సులో సముద్రం మీది వంతెన దాటించి, బహ్రెయిన్‌లో బొంబాయి విమానం ఎక్కించేది. మాలో చాలామందికి ఆ దీవి అంటే విమానాశ్రయంలో కుర్చీలు, అంతే. నాకు టికెట్టు మూడో రోజు సాయంత్రానికి దొరికింది. అందుకని నోటుపుస్తకంలో చూడవలసినవి ఏడు రాసుకున్నాను. వాటిలో చూసింది రెండే.

మొదటి వరసలో రాసుకున్నది మాత్రం చూడవలసినది కాదు, ఇవ్వవలసినది. మా ప్లాంటులో పైపుల ఫిట్టరు ఒకడు, కరీంనగర్ వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, బయల్దేరే ముందు రోజు, ఇంటి నుంచి తెప్పించిన ఒక మూట తెచ్చి నా మంచం మీద పెట్టాడు.

"మా బావ దుబాయిల ఉంటడు సారూ. మీరు గట్ల నుంచే పోతున్నరు గద, జర ఇచ్చిపోండ్రి."

"నేను దుబాయి వెళ్లటం లేదు. బహ్రెయిన్ వెళుతున్నాను."

"ఆఁ, గదే. బహరేన్ దుబాయి."

వాళ్ల ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. చిరునామా అడిగితే చీటీ ఇచ్చాడు. దాని మీద ఒక పోస్టు డబ్బా నంబరు, కింద 'నయీమ్, మలబారీ కోల్డ్ స్టోర్' అని ఉంది. నయీమ్ అంటే రాజధాని మనామాలో ఒక పేట. బహ్రెయిన్‌లో వీధి చివర కిరాణా కొట్టుని కోల్డ్ స్టోర్ అంటారు. ఇది చిరునామా కాదు, కొట్టు పేరు అన్నాను. నవ్వాడు.

"గిదే అడ్రస్ సారూ. ఐదేండ్ల సంది చిట్టీలు పోతనే ఉన్నయి. మలబారీని అడిగితే సూపిస్తడు."

మూటను స్ప్రింగు త్రాసుకి తగిలించాను. మూడు కిలోల రెండు వందల గ్రాములు. సకినాలు, మామిడికాయ తొక్కు, ఒక తువాలు, కంట్లో వేసుకునే మందు సీసాలు రెండు. ఆ సీసాల సంగతి అప్పుడు అడగలేదు.

అది ఆగస్టు. వంతెన దిగగానే బస్సు అద్దాలకి బయటి వైపున చెమటలా నీళ్లు పట్టాయి. గాలిలో తేమ ఎంతుందో కొలవటానికి నా దగ్గర పరికరం లేదు గాని, జేబులో ఉన్న పాస్‌పోర్టు అట్ట మెత్తబడింది. మనామాలో కంపెనీ ఇచ్చిన హోటల్లో పెట్టె పెట్టి, నయీమ్‌కి నడిచి వెళ్లాను. సందులు ఇరుకు. అయినా ప్రతి ఇంటి గోడకీ చిన్న రేకు బిగించి ఉంది. బిల్డింగు నంబరు, రోడ్డు నంబరు, బ్లాకు నంబరు. దీవిలో ఏ గుమ్మం దగ్గరికైనా మూడు అంకెలతో చేరిపోవచ్చు. ఇంత పద్ధతైన ఊరు నేను అంతవరకు చూడలేదు. చీటీ చూసి కేరళ కొట్టువాడు మలబారీ చూపించిన మేడ మెట్ల దగ్గర ఆగి, ఆ మూడు అంకెలూ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. అంకె కనబడితే రాసుకోవటం నాకు అలవాటు.

గది రెండో అంతస్తులో. ఎనిమిది మంది మనుషులు, ఐదు మంచాలు. పగటి డ్యూటీవాడు లేచిన మంచం మీద రాత్రి డ్యూటీవాడు పడుకుంటాడు. స్టౌ దగ్గర తలనెరిసిన వంటాయన ఉన్నాడు.

"కూసోండ్రి సారూ. గీ రూంల నలుగురు కంపెనీ, ముగ్గురు ఖల్లివల్లి. మనిషినైతే నేనొక్కణ్ణే."

ఖల్లివల్లి అంటే, వీసా ఇచ్చిన యజమాని అయిన కఫీల్ దగ్గర్నుంచి వెళ్లిపోయి, కాగితాలు లేకుండా బతికేవాడు. ఫిట్టరు బావ వాళ్లలో ఒకడు. నలభై దాటి ఉంటాయి. ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లటి పొర. కుడి కన్ను ఎర్రగా, నీరు కారుతూ ఉంది. మూటను ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"తొక్కు మా ఇంటామె పెట్టిందే" అన్నాడు. "మా బామ్మర్ది మంచిగున్నడా?"

కన్ను గురించి అడిగాను. తను తాపీ మేస్త్రీ. మేస్త్రీ వీసా మీదే తెచ్చి, కఫీల్ బుదైయాలో తన తోటకి మందు కొట్టే పనిలో పెట్టాడు. ఏడాది చూసి బయటికొచ్చేసి, దొరికిన చోట గోడలు కట్టాడు. పోయిన ఏడు సున్నం పడి ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు రెండోదానికీ అదే మసక. ఆస్పత్రికి వెళితే ముందు సీపీఆర్ కార్డు, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, చూపించాలి. అది లేదు.

"మనిషి ఆనుతడు సారూ, మొకం ఆనది. గీ కన్ను సుత పోకముందు ఇంటికి పోవాలె. హైద్రాబాద్ల ఆపరేషన్ జేస్తరట. పోయినంక పోతె ఏం ఫాయిద?"

పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. అది లేకపోయినా మన ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ కాగితం మీద ఇంటికి వెళ్లవచ్చు గాని, దానికి పాత పాస్‌పోర్టు నంబరు కావాలి. ఆ నంబరు ఇతనికి తెలియదు. జిరాక్సు కూడా ఎవరి దగ్గరా లేదు.

నాకు ఇది చాలా చిన్న పనిగా కనిపించింది. కావలసింది పాస్‌పోర్టు కాదు, దాని మొదటి పేజీ జిరాక్సు. కఫీల్‌కి దానివల్ల వచ్చే నష్టం సున్నా. మర్యాదగా ఉత్తరం రాసి అడిగితే ఎందుకివ్వడు? అదే చెప్పాను. వంటాయన పప్పులో గరిటె తిప్పుతూ అన్నాడు:

"కాయితం గీయితం వద్దు సారూ. కాయితం ఒక్కసారి పోతె వాపస్ రాదు."

"నీకేం తాత, నీ కండ్లు మంచిగున్నయి" అన్నాడు బావ. తర్వాత నా వైపు తిరిగి, నా మొహం ఉండవలసిన చోటికి కొంచెం పక్కగా చూస్తూ, "రాయుండ్రి సారూ" అన్నాడు.

"రాస్తె రాయుండ్రి" అన్నాడు వంటాయన. "పతా కాడ మలబారీ డబ్బా నంబరు పెట్టుండ్రి. గంతే."

విన్నాను. సరే అని కూడా అన్నాను.

రెండో రోజు పొద్దున్న అతన్ని చెయ్యి పట్టుకుని టైపింగు దుకాణానికి తీసుకెళ్లాను. వాళ్ల దగ్గర అచ్చు వేసిన అర్జీ ఉంది, ఒక వైపు అరబ్బీ, ఒక వైపు ఇంగ్లీషు. పేరు, తండ్రి పేరు, పని, కఫీల్ పేరు, కోరేది ఏమిటి. చివర ఉంటున్న చోటు: బిల్డింగు, రోడ్డు, బ్లాకు. పోస్టు డబ్బాకి వేరే గడి ఉంది. దాన్ని నింపాను.

మూడు గడులు ఖాళీగా మిగిలాయి.

మా ప్లాంటులో గంట గంటకీ రీడింగులు రాసే కాగితం ఒకటి ఉంటుంది. అందులో గడి ఖాళీగా వదిలితే, ఆ గంటలో మనిషి డ్యూటీలో లేనట్టే లెక్క. పాలిటెక్నిక్‌లోనూ అదే నేర్పారు. తప్పు రాసినవాడికి సగం మార్కులు, ఖాళీ వదిలినవాడికి సున్నా. పైగా నేను మర్నాడు సాయంత్రం వెళ్లిపోతాను. కఫీల్ జిరాక్సు పంపిస్తే డబ్బాలో వారం పడి ఉంటుంది. గదికే పంపిస్తే రేపు అందుతుంది, నేను దగ్గరుండి ఎంబసీకి రెండో అర్జీ కూడా రాసి వెళ్లవచ్చు. నేను వేసుకున్న లెక్క ఇది. నోటుపుస్తకం తీసి, మూడు అంకెలూ చూసి చెప్పాను. టైపు చేశారు.

అతనికి చదువు రాదు. వచ్చినా కనబడదు. నేను ఏం రాయించానో అతనికి చదివి వినిపించలేదు. బొటనవేలు సిరాలో అద్ది, ఆ మూడు గడుల కిందే ముద్ర వేయించాను.

"మంచిగ రాసిన్రా సారూ?"

"ఏమీ వదల్లేదు" అన్నాను.

అతన్ని గదిలో దింపి, నేనొక్కడినే బస్సెక్కి రిఫా వెళ్లాను. కఫీల్ ఆఫీసు ఒక విల్లా ముందు గది. కఫీల్ లేడు. బల్ల దగ్గర గుమాస్తా, మన దేశంవాడే, అర్జీని రెండు వైపులా చూసి, "పని నీట్‌గా ఉంది" అన్నాడు. నా కాపీ మీద, అందినట్టు ముద్ర కొట్టమని అడిగాను. కొట్టాడు. తిరుగు బస్సులో ఆ ముద్రను నాలుగైదు సార్లు తీసి చూసుకున్నాను. చూడవలసినవాటిలో రెండు ఆ మధ్యాహ్నమే చూశాను, పాత బజారు, సముద్రపు గట్టు. గట్టు మీద కూర్చుని ఈ పనికి కూడా నోటుపుస్తకంలో టిక్కు పెట్టాను.

మూడో రోజు మందుల కొట్లో నల్లకళ్లద్దాలు కొని, పదకొండు గంటలకి నయీమ్ వెళ్లాను. ఎండలో కన్ను మండుతోందని అతను అన్నాడు, అందుకని. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. స్టౌ ఆర్పి ఉంది గాని, దాని మీద బియ్యం సగం ఉడికి ఉన్నాయి. మంచాల కింద పెట్టెలు మూడు తక్కువయ్యాయి. కిటికీ గట్టు మీద కంటి మందు సీసా మూత తీసి ఉంది.

కిందికి దిగి మలబారీని అడిగాను. అతను నా వంక చూడకుండా పెప్సీ సీసాలు సర్దుతూనే, హిందీలో చెప్పాడు.

"ఖలాస్, భాయ్. పొద్దున్న పికప్ వచ్చింది. కఫీల్ మనుషులు ఇద్దరు, పోలీసు ఒకడు. మిగిలిన ఇద్దరు ఖల్లివల్లివాళ్లూ మేడ మీంచి పక్క మేడకి దూకారు. కంపెనీవాళ్లు డ్యూటీలో ఉన్నారు. నీవాడికి మెట్లు కనబడవు కదా, మంచం మీదే కూర్చున్నాడు. తీసుకెళ్లారు."

"పెట్టెలు మూడు లేవు."

"దూకినవాళ్ల పెట్టెలు రెండూ, తనదీ పట్టుకుని ముసలాయన కూడా వెళ్లిపోయాడు. ఇక ఈ గది ఎవరికి కావాలి?"

"గది ఇదేనని వాళ్లకెవరు చెప్పారు?"

అప్పుడు తలెత్తాడు. "ఈ సందులోకి ఎవరొచ్చినా ముందు నన్ను అడగాలి భాయ్. తెలియదని నేను చెబుతాను. ఐదేళ్ల నుంచి ఇదే. ఇవాళ నన్ను ఎవరూ అడగలేదు. చేతిలో కాగితం ఉంది. రోడ్డు మొదట్లో రేకు చూశారు, బిల్డింగు రేకు చూశారు, పైకెళ్లారు."

కళ్లద్దాలు నా చేతిలోనే ఉన్నాయి. వాటిని అతని బల్ల మీద పెట్టాను. వెనక్కి తోశాడు.

ఆ గంట తర్వాత చేసినవి వరసగా చెప్పగలను, గాని వాటివల్ల ఒరిగిందేమీ లేదు. రిఫా ఆఫీసుకి ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. బస్సెక్కి వెళ్లాను. ఆ విల్లా గేటు మూసి ఉంది. దగ్గర్లోని పోలీసు ఠాణా మెట్ల దాకా వెళ్లాను. లోపలికి వెళితే అడిగే మొదటి ప్రశ్న, నువ్వెవరు అని. రెండోది, పారిపోయినవాళ్లెక్కడున్నారు అని. జేబులో పాస్‌పోర్టును పట్టుకుని చూశాను. నా విమానానికి ఐదు గంటలే మిగిలి ఉన్నాయి. వెనక్కి వచ్చేశాను. భయం వేసిందని రాయటమే సరైనది.

విమానాశ్రయంలో దేశం విడిచేవాళ్లు నింపే కార్డు ఇచ్చారు. బహ్రెయిన్‌లో ఉన్న చిరునామా అని ఒక గడి ఉంది. దాన్ని వదిలేసి ఇచ్చాను. కౌంటరులో మనిషి వేలితో ఆ గడి మీద కొట్టి కార్డు వెనక్కి తోశాడు. హోటలు పేరు రాశాను. అది అబద్ధం కాదు.

ఇంట్లో రెండు నెలలూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తిరిగి ప్లాంటుకి వచ్చిన మొదటి రోజు, టీ గంట కొట్టగానే ఫిట్టరు నవ్వుతూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా బావ ఇంటికచ్చిండు సారూ! నలభై దినాలు లోపలేసి, టికెట్ గొట్టి పంపిన్రట. కంటి ఆపరేషన్ అయింది. కుడి కన్నుకు అద్దాలు పెట్టుకుంటే మొకం సుత ఆనుతదట. మీ పుణ్యమే."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను.

"ఆ గది చిరునామా రాసింది నేనే" అన్నాను. "తాత వద్దన్నాడు. అయినా రాశాను."

చేతులు వదిలాడు, మెల్లగానే. టీ గ్లాసు నేల మీద పెట్టాడు.

"ఎర్కనే సారూ. బావ జెప్పిండు. బావ మిమ్మల్ని ఏమనలేదు. గని ఆ దూకినోళ్లల్ల ఒకడు మా ఊరోడే. ఆని చిట్టీ లేక రెండు నెలలాయె. ఆని తమ్ముడు దినాం మా అక్క వాకిట్లకచ్చి అడుగుతున్నడట, మీ ఆయన అచ్చిండు, మా అన్న ఏడి అని. మా అక్క ఏం జెప్పాలె?"

మర్నాడు భోజనం వేళ మలబారీకి ఉత్తరం రాశాను. ఆ ఇద్దరి సంగతి తెలిస్తే రాయమని, కళ్లద్దాల సంగతి గుర్తుంటే ఆ మనిషిని నేనేనని. కవరు మీద డబ్బా నంబరు ఒక్కటే వేశాను.

ఆరు వారాలకి జవాబొచ్చింది. సగం హిందీ, సగం ఇంగ్లీషు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఇద్దరూ బాగున్నారు, పని దొరికింది, ఫిట్టరు ఊరివాడు ఇంటికి రాయలేదంటే భయపడి రాయలేదు, ఇప్పుడు రాయమని చెప్పాను అని ఉంది. కింద మరో వాక్యం: 'ఎక్కడున్నారో నీకు రాయను.'

ఫిట్టరుకి మొత్తం చదివి వినిపించాను. ఈసారి ఏదీ వదల్లేదు.

"పతా లేదా సారూ?"

"లేదు."

"మంచిగైంది" అన్నాడు. ఉత్తరం తీసుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. "మా అక్కకు పంపుత. కవర్ మీద నేనే రాసుకుంట."