మొగిలికుంటను తప్పించిన రోడ్డు

కృష్ణానగర్‌లో మేముండే ఇంటి కింది వాటాలో ఓదెలు గారు, ఆయన భార్య దేవమ్మ ఉంటారు. ఆయనకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ ఫిల్మ్‌నగర్ వెనక ఒక షెడ్డులో సినిమాలకు బోర్డులు రాస్తారు. పోలీస్ స్టేషన్, ప్రభుత్వ ఆసుపత్రి, కల్యాణ మండపం, శ్మశానం, ఏది అడిగితే అది. రోడ్డు సీను ఉంటే కిలోమీటరు రాళ్ళు కూడా ఆయనే చేస్తారు. థర్మోకోల్ దిమ్మెకు సున్నం రంగు పూసి, నెత్తిన ఆకుపచ్చ వేసి, నల్లటి అంకె రాసి ఎండలో ఆరబెడితే, వీధికుక్కలు కూడా నిజం రాయే అనుకుని కాలెత్తుతాయని షెడ్డులో వాళ్ళు నవ్వుతారు.

నేను మైక్రోబయాలజీ చదివి ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. మా ప్రసూనకు ఏడాది దాటింది. నేను డ్యూటీకి వెళ్ళినప్పుడు పాపను చూసుకునేది దేవమ్మే. క్రిముల గురించి చదువుకున్న తల్లికి నిద్ర తక్కువ. మొదట్లో ఆమె పాపను ఎత్తుకోబోయిన ప్రతిసారీ చేతులు కడుక్కోమనేదాన్ని. ఆమె మారుమాట లేకుండా కడుక్కునేది. ఒకరోజు మాత్రం అరచేతులు నా ముందు చాపి, "చూడు బిడ్డా, తోలు అరిగింది. ఇంకెంత కడగాలె?" అంది. తర్వాత నేను చెప్పడం మానేశాను. చూడడం మాత్రం మానలేదు.

శ్రావణం మొదట్లో ఆమె మెట్లెక్కి పైకి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయినందున ఆమె పైకి రావడం అరుదు.

"నీ కారుల నన్ను మా తల్లిగారింటికి తోల్కపోతవా బిడ్డా? మా తమ్ముడు జంగయ్య ఒడిబియ్యం పోస్తనని ఫోన్ జేసిండు."

నాది కోస్తా. ఒడిబియ్యం సంగతి ఆమె చెప్తేనే తెలిసింది. పెళ్ళైన ఆడపడుచును పుట్టింటివాళ్ళు పిలిచి, భర్త పక్కన పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం కొంగులో పోస్తారు. ఏళ్ళకొకసారి పోస్తూనే ఉంటారు. భర్త పోయినవాళ్ళకు పొయ్యరు. దేవమ్మకు చివరిసారి పోసింది ఆమె కూతురు మంజులత పుట్టకముందు. ఆ మంజులత ఇప్పుడు మోతీనగర్‌లో ఇద్దరు పిల్లల తల్లి.

"ఇన్నేళ్ళు ఎందుకు పొయ్యలేదు పెద్దమ్మా?"

"పక్క పీట మీద మొగడుండాలె గద. ఆయన మా ఊరి మొఖం చూడడు. ఊర్ల ఆడోళ్ళు నన్నడుగుతరు, 'మీ ఆయన ఉన్నడా, పోయిండా?' అని. పరాచికమే అనుకో. గిన్నేండ్లు గదే పరాచికమైతే ఎట్లుంటది?"

"ఎందుకు రారు?"

"ఆయన్నే అడుగు. సిగ్గట ఆయనకు."

తమ్ముడికి గుండె బాగోలేదు. ఇంకోసారి పిలుస్తాడో లేదో తెలియదు. ఈసారి ఆ పీట మీద ఓదెలు గారు కూర్చోవాలి. ఆమె కోరిక అంతే. నేను వారం వర్షసూచన చూసి, ఆ ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయో అడిగి, ఆదివారం వెళ్దామన్నాను.

సాయంత్రం ఓదెలు గారు మెట్ల మీద కూర్చుని కుంచెలు కడుగుతుంటే అడిగాను. ఆయన కుంచెను నీళ్ళలోనే వదిలేశారు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టారు.

ఆ రోడ్డు నిజాం కాలంలో బండ్లబాట. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్ళకు దానిమీద మొరం పోశారు. తర్వాత కంకర, ఆపైన తారు. బాట ఎటు తిరిగితే రోడ్డూ అటే తిరిగింది. బావి దగ్గరకు పోయింది, కుంటకట్ట ఎక్కింది, కల్లు దుకాణం ముందు వంగింది. అలా వంకరపోతూ మొగిలికుంట నడిమధ్య నుంచి వెళ్ళేది. స్టేట్ హైవే అని పేరొచ్చాక బస్సులు ఊరి నడిబొడ్డునే ఆగేవి. ఓదెలు గారు అప్పుడు ఒక గుత్తేదారు దగ్గర రోజుకూలీ. కిలోమీటరు రాళ్ళకు రంగు వేసి అంకెలు రాసేవారు. కానీ పెళ్ళిచూపుల్లో అలా చెప్పలేదు.

"రోడ్ల డిపార్ట్‌మెంట్ల పని అని చెప్పిన. అబద్ధం కాదు గద అనుకున్న. ఒకపారి డిపార్ట్‌మెంట్ జీపుల లిఫ్ట్ దొరికితే గండ్లనే అత్తగారింటికి పోయిన. ఇగ జూస్కో, ఊరంతా సర్కారు అల్లుడన్నరు. నేను కాదనలే. పైకెంచి ఇంజినీరు నా మాట తియ్యడని గూడ అన్న."

ఎనభైల మొదట్లో రోడ్డును మలుపులు తీసి సాపు చేయడానికి సర్వే జరిగింది. కొత్త గీత ప్రకారం రోడ్డు వాగు వంతెన నుంచి నేరుగా పోతుంది, ఊరు నాలుగు కిలోమీటర్లు పక్కన పడిపోతుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చని ఊళ్ళో చాటింపు వేశారు. ఊరి పెద్దలు నలుగురు, వాళ్ళతో కుర్రవాడైన జంగయ్య, ఆఫీసుకు వెళ్ళకుండా జూబ్లీహిల్స్ గుట్టల కింద ఓదెలు గారి గుడిసెకు వచ్చారు. దేవమ్మ అప్పుడు ఆ గుట్టల్లోనే కంకర కొట్టేది. ఆమె వండిపెట్టింది. వాళ్ళు తిని, "అల్లుడా, నువ్వే జర ఇంజినీరుకు చెప్పు" అన్నారు.

"నేను చెప్తగని, మీరు ఫికర్ జెయ్యకుండ్రి, పనులిడిసి రాకుండ్రి అన్న."

"చెప్పారా?"

"ఆయన గది ముందట రంగు డబ్బా పట్టుకొని నిలవడ్డ. సారు బయటకొచ్చి 'ఏంది?' అన్నడు. నా నోట్ల నుంచి ఏమొచ్చిందో ఎర్కనా? 'ఆకుపచ్చ అయిపోయింది సార్' అన్న."

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకున్నాను.

"ఊరోళ్ళకు చెప్పిన అన్న. వాళ్ళు నమ్మి ఇంట్ల కూసున్నరు. గడువు పోయింది, రోడ్డు పోయింది. పాత రాళ్ళ మీద మొగిలికుంట పేరు గీకి, ముందటి ఊరి పేరు రాసే పని గూడ నాకే ఇచ్చిన్రు. రాసిన."

"మలుపులు తీసేస్తే ప్రమాదాలు తగ్గుతాయి కదండీ. రోడ్డు సాపు చేయడం తప్పు కాదు."

"తప్పని నేనన్ననా? మంచిగనే జేసిన్రు. వాళ్ళ గురించి గాదు బిడ్డా నేను చెప్పేది."

ఇప్పుడు ఆ వదిలేసిన మలుపుల మీద బండ్లు తిరగవు కాబట్టి సినిమావాళ్ళు ఛేజింగులు తీస్తారు. షెడ్డు వ్యాను అటు వెళ్తుందంటే ఓదెలు గారికి కడుపునొప్పి వస్తుంది. తోటివాళ్ళకు కారణం తెలియదు. "అన్నా, లొకేషన్ మొగిలికుంట, వాము తెచ్చుకో" అని ఆట పట్టిస్తారు.

ఆదివారం ఆయన తెల్లచొక్కా వేసుకుని, ఎవరూ పిలవకుండానే కారెక్కి నా పక్కన కూర్చున్నారు. వెనక దేవమ్మ, సీట్లో బెల్టు కట్టిన ప్రసూన. నా సంచిలో కాచి చల్లార్చిన నీళ్ళు, థర్మామీటరు, జ్వరం మందు. రింగురోడ్డు వచ్చాక ఆ రోడ్డు మొదలే మారిపోయిందట. ఆయన చేత్తో అంకె రాసిన మొదటి రాయి ఉన్నచోట ఇప్పుడు ఫ్లైఓవర్ స్తంభం ఉంది. ఆయన దాన్ని వేలితో చూపించారు. మొగిలికుంట బస్సు స్టేజి దగ్గర ఒక రేకుల షెడ్డు, పక్కన సోడాబండి ఉన్నాయి. ఊరి దారి కోసం ఎడమకు తిప్పబోతుంటే ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేశారు.

"జర ఆపు బిడ్డా. నేనీడ కూసుంట. మీరు పొయ్యి రాండ్రి."

కారు ఆపాను. అద్దంలో చూస్తే దేవమ్మ కొంగు సర్దుకుంటోంది.

"గీడిదాక వచ్చి ఆగుతవని నాకెర్కనే," అందామె. "మంచిది. కూసో, సోడా తాగు. పీట మీద నీ అంగీ పెట్టమంట. అంగీకే మొక్కుత."

"గట్లనకే."

"ఎట్లనాలె మరి? ఉన్నడనాల్నా, పోయిండనాల్నా? చెప్పిపో, గదే చెప్త."

ఆయన తల వంచుకున్నారు. ఆమె తలుపు తీసి దిగింది.

"పెద్దమ్మా, కారుంది కదా!"

"నువ్వు రా బిడ్డా వెనకాల. నేను నడుస్త. నాకలవాటే."

ఆమె నడవడం మొదలుపెట్టింది. పాత తారు పెచ్చులు లేచి ఉంది. నాలుగడుగులు వేసి మోకాలి మీద చెయ్యి పెట్టి ఆగింది. మళ్ళీ కదిలింది. పక్కన చెట్టు లేదు, నీడ లేదు. ఒకవైపు పత్తిచేలు, ఒకవైపు బీడు. నేను ఇంజను ఆపకుండా చూస్తున్నాను. పరిగెత్తి ఆపాలి అనిపించింది, కానీ పాప కారులో ఉంది. ఆ సాకు నాకే చిన్నదిగా తోచింది. ఓదెలు గారు అద్దం గుండా ఆమెనే చూస్తున్నారు. ఈ దారి మీద ఆమె నడవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆమె మూడోసారి ఆగినప్పుడు ఆయన తలుపు తీశారు. దిగి, గబగబా కాదు, దొంగలా నడుస్తూ ఆమెను చేరుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. నేను కారు నెమ్మదిగా పోనిచ్చి వాళ్ళ పక్కన ఆపాను. ఇద్దరూ వెనక ఎక్కారు.

జంగయ్య గారింటి ముందు పందిరి వేసి ఉంది. కారు చుట్టూ ఆడవాళ్ళు మూగారు. "అగో, దేవక్క మొగడు! నిజంగనే ఉన్నడే!" అని ఒకామె గట్టిగా అంది. అందరూ నవ్వారు. దేవమ్మ కూడా నవ్వింది. ఓదెలు గారు నవ్వలేదు.

జంగయ్య గారు సన్నగా, ఆయాసపడుతూ మంచంలోంచి లేచారు. కాళ్ళకు నీళ్ళిచ్చారు. ఓదెలు గారు నీళ్ళు ముట్టకుండా నిలబడి, అందరి ముందే అనేశారు.

"బామ్మర్దీ, నేను ఇంజినీరుకు చెప్పలే. ఒక్క ముక్క చెప్పలే. నేను డిపార్ట్‌మెంట్ మనిషిని గూడ కాదు. రాళ్ళకు రంగేసే కూలోన్ని."

జంగయ్య గారు మంచం పట్టె మీద మెల్లగా కూర్చున్నారు.

"నీ పెండ్లినాడు నీ గోర్లల్ల ఆకుపచ్చ రంగు జూసిన బావా. సర్కారు నౌకరికి గోర్లల్ల రంగెందుకుంటది? అందరికెర్కనే."

"మరి నా దగ్గరికెందుకొచ్చిన్రు?"

"ఆఫీసుకు పోవాలంటే మాకు భయమైంది. పోతే ఎవడేమంటడో. నువ్వు చెప్తనన్నవు, మేం నమ్మినట్టు జేసి ఇండ్లకొచ్చినం. మా నాయిన సచ్చేదాక 'అల్లుడు చెప్తనన్నడు' అంటనే ఉండె. ఆయనకు గూడ ఎర్కనే. గా సిగ్గు నీదొక్కనిదే గాదు. ఊరిది."

ఓదెలు గారి భుజాలు కొంచెం దిగాయి. కానీ జంగయ్య గారు ఇంకా ఆయన ముఖంలోకే చూస్తున్నారు.

"గని బావా, రోడ్డు సంగతి ఇడిసిపెట్టు. అక్క స్టేజి కాడ బస్సు దిగి వస్తుంటే నేను చేన్ల కెంచి జూస్తుంటి. సంకల పిల్ల, నెత్తిన మూట. బండి కట్టుకొని వస్తనంటే వద్దనేది. మొగడు తోడు రానిదానికి బండెందుకురా అనేది. ఒక ఎండకాలం మంజులతకు ఒళ్ళు కాలుతుంటే, పట్నం దవాఖానకని ఎత్తుకొని గదే దారిల తిరిగి పోయింది. నువ్వు రోడ్డు తేకుంటే తేకపోతివి. ఎనక నడిస్తే ఏం పోయేది? గిది మాత్రం ఊరి మీదికి తోయకు."

నేను నా సంచిని కాలితో మంచం కిందికి నెట్టాను. మా పాపకు ఒళ్ళు వెచ్చబడితే రాత్రే ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని. నా వెంట పరిగెత్తడానికి భర్త ఉన్నాడు.

పీటలు వేశారు. ఓదెలు గారు వెళ్ళి కూర్చున్నారు. దేవమ్మ ఆయన పక్కన కూర్చుని కొంగు పట్టింది. జంగయ్య గారు, ఆయన భార్య దోసిళ్ళతో పసుపు బియ్యం పోస్తుంటే ఆడవాళ్ళు పాడారు. ఓదెలు గారికి కొత్త పంచె ఇచ్చారు. ఆయన రెండు చేతులా అందుకుని, ఏం చేయాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని, నేల వైపే చూస్తూ కూర్చున్నారు. కొంగు నిండుతున్నకొద్దీ దేవమ్మ వీపు నిటారుగా అయింది. ఆమె ఆయన వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

తిరుగు దారిలో ఆమె బియ్యం మూట ఒళ్ళో పెట్టుకుంది. పాప నిద్రపోయింది. ఆ పాత రోడ్డు దాటేదాకా ఓదెలు గారు కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూశారు. స్టేజి వచ్చాక, నెమ్మదిగా అడిగారు.

"స్టేజి కాడికెంచి ఊర్లెకు ఎంతసేపు పట్టేదే నీకు?"

దేవమ్మ ఒళ్ళోని మూటను దగ్గరకు లాక్కుంది.

"పిల్ల సంకలున్నప్పుడా, లేనప్పుడా?" అంది.