శబ్దం బాగాలేదు

మా చిన్నాయన ఎక్కడికి పోయినా మనిషి కంటే ముందు ఆయన చెప్పుల చప్పుడు పోతుంది. వీధి మలుపులో ‘కిర్ర్... కిర్ర్...’ అని వినపడగానే మా చిన్నమ్మ సంగటి గిన్నె మీద మూత తీస్తుంది. అరుగు మీద ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లు వానల గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఆదివారం ఆరాధనకు ఆలస్యమైతే పాస్టరుగారు కళ్లు తెరవకుండానే, ‘ఆలస్యంగా వచ్చే బిడ్డలను కూడా దీవించు ప్రభువా’ అని ప్రార్థనలో ఒక వాక్యం కలుపుతారు.

ఆ చెప్పులు ఆయన సొంత చేతులతో చేసినవే. కిర్రు చెప్పులు చేయడం మా ఇంటి పని. ఆత్మకూరు చుట్టుపక్కల ఒకప్పుడు ఈ పని చేసేవాళ్లు శానామంది ఉండేవాళ్లట. ఇప్పుడు మాకు తెలిసి మా చిన్నాయన ఒక్కడే. మా నాయన తోలు కోసే రంపె వదిలేసి లారీ స్టీరింగు పట్టుకున్నాడు. నేను డిగ్రీ పట్టా పట్టుకున్నాను. లారీ అయినా ఊరు దాటింది.

చెప్పు కిర్రుమనడానికి రెండు తోలు అట్టల మధ్య ఏదో పెట్టి కుడతాడు చిన్నాయన. ఆ ‘ఏదో’ పెట్టేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఎండిన గింజ అని కొందరు, మేకతోలు ముక్క అని కొందరు అంటారు. కట్టుకున్న ఆమెకు కూడా ఇంతవరకు చెప్పలేదు. మా వంశంలో బయటపడని రహస్యం ఇది ఒక్కటే. మిగిలినవన్నీ పక్కింటివాళ్లు మాకంటే బాగా చెప్పగలరు.

కిర్రు చెప్పులు కొనేవాళ్లు చెప్పులు చూడరు, వింటారు. ఆలూరు వైపునుంచి ఒక పెద్దాయన ఏటా వచ్చేవాడు. కొత్త జోడు తొడుక్కుని వీధి చివరిదాకా పోయి, చెవి ఒకవైపు వంచుకుంటూ తిరిగి వచ్చేవాడు.

“ఏమప్పా, సద్దు ఇంత మెత్తగుండాదేమి? దుడ్లు గట్టిగానే ఇస్తాండా గదా!”

“నాలుగు దినాలు ఎండలో తిరుగు పెద్దాయనా, అదే గొంతు తెరుస్తాది” అనేవాడు చిన్నాయన, సంగీతం మాస్టారు శిష్యుడి గురించి చెప్పినట్టు.

ఇలాంటి పెద్దాయనలు రానురాను తగ్గిపోయారు. ఉన్నవాళ్లు కూడా మోకాళ్ల నొప్పులకు మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోమని డాక్టరు చెప్పాడంటున్నారు. పోయిన ఏడు వేరుశనగ పీకే రోజుల్లో ఒక మధ్యాహ్నం చిన్నాయన ఆరె, రంపె, మైనం ఉండ అన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టేశాడు. ఆ ఆరెతోనే ఇన్నేళ్లూ తోలుకు కన్నాలు పొడిచాడు.

“మంగంపేటకు పోతాండా. మీ మామ రమ్మంటాండాడు.”

మామ అంటే చిన్నమ్మ అన్న. మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర పనిచేస్తాడు. అక్కడ గేటు దగ్గర వాచ్‌మన్ పని ఖాళీగా ఉందట. ఏ సంగతీ నెలాఖరు శనివారం లోపల చెప్పాలన్నాడు.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో చావు ఇంటి వాతావరణం వచ్చేసింది. నేను ఊరుకోవాల్సింది.

“చిన్నాయనా, ఈ చెప్పులేసుకుని కాపలా కాస్తే నువ్వు యాడుండావో దొంగలకు ముందే తెలిసిపోతాది. వాళ్లకు నువ్వు శానా సాయం చేసినట్టు.”

చిన్నమ్మకు నవ్వాగలేదు. కొంగు తీసేసింది. చిన్నాయన మాత్రం సంచి మూతి విప్పలేదు.

“ఆడ బూట్లు ఇస్తారంట” అన్నాడు, నేలను చూస్తూ. అది చెప్పినప్పుడు ఆయన మొహం చూస్తే బూట్లు కాదు, బేడీలు ఇస్తారంట అన్నట్టుంది.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వస్తే మా ఇంట్లో ముందు చిన్నమ్మ భయపడుతుంది. ఫోన్లో ఒక పేజీ తెరిచి చిన్నాయన చేసిన జోళ్లు ఫొటోలు తీసి పెట్టాను. ‘చేత్తో చేసిన కిర్రు మెట్లు అమ్మబడును’ అని రాశాను. మా సీమలో మెట్లంటే చెప్పులే. సీమ దాటితే కావని నాకు గుర్తు రాలేదు. రెండు గంటల్లో ముగ్గురు అడిగారు. ఒకాయన, ఇంటికొచ్చి కడతారా, రెడీమేడువా అన్నాడు. ఇంకొకాయన, మా ఇంటివి ఇప్పటికే కిర్రుమంటున్నాయి, బాగుచేస్తారా అన్నాడు. మూడో ఆయన ఎన్ని అంతస్తులకు సరిపోతాయన్నాడు. ఆ మాట మొత్తం తుడిచేసి ‘చేత్తో చేసిన తోలు చెప్పులు’ అని మార్చాను. మెట్లు తీసేటప్పుడు కిర్రు కూడా పోయింది. నేను గమనించలేదు.

మరుసటి రోజు ఉదయం ఆర్డరు వచ్చింది. కడప నుంచి ఒక హెడ్మాస్టరు మేడం. కాగితం మీద పాదం గీసి ఫొటో పంపింది. మా ఇంట్లో పాదాల కొలతలు తీసేది చిన్నమ్మ. ఆమె ఫోను తెర మీద జాన పెట్టి చూసి బిత్తరపోయింది.

“ఈ యమ్మ పాదం చంటిబిడ్డ పాదమంతుండాదేందిరా! పంతులమ్మ ఎట్లయింది?”

ఫొటోలో చిన్నగానే కనబడుతుందని చెప్పి, మేడంను సైజు నంబరు అడిగి చెప్పాను. “అట్లయితే నా పాదమే” అని తన కాలే కాగితం మీద పెట్టి గీసింది. చిన్నాయన సంచి మూతి విప్పాడు. విప్పుతూ ఒట్టు లాంటి మాట ఒకటి అన్నాడు.

“ఈ కడప జోడు నిలిస్తే నేను ఈడనే. తిరిగొచ్చిందా, నెలాఖరు శనివారం మంగంపేట బస్సెక్కుతా.”

మా ఊళ్లో వాన కురిసిందే ఆ ఒక్క వారం. ఏడాదంతా ఎండే ఊరికి సరిగ్గా ఆ వారమే ముసురు పట్టింది. తంగేడు చెక్క నీళ్లలో ఊరిన తోలు ఆరనంటుంది. చిన్నాయన దాన్ని పొయ్యి దగ్గర, ఫ్యాను కింద, చివరికి తన వీపు కింద కూడా పెట్టి ఆరబెట్టాడు. జోడు పూర్తయింది, పార్సిలు పోయింది. అది పోయిన వారానికి మేడం దగ్గరనుంచి మెసేజీ వచ్చింది. ఆ రోజు సోమవారం, మామ చెప్పిన గడువు ఆ శనివారమే.

“చదువు” అన్నాడు చిన్నాయన. చేతులు తుడుచుకుని, కాళ్లు ముడుచుకుని, ఆరాధనలో వాక్యం వినే మనిషిలా కూర్చున్నాడు.

అందులో ఇలా ఉంది: ‘చెప్పులు చూడ్డానికి చాలా బాగున్నాయి. కానీ నడుస్తుంటే ఏదో శబ్దం వస్తోంది. స్కూల్లో అందరూ తిరిగి చూస్తున్నారు. శబ్దం అస్సలు బాగాలేదు. సరిచేసి పంపండి.’

నేను మొదటి వాక్యం చదివాను. రెండోదాని దగ్గర తల ఎత్తితే చిన్నాయన కళ్లు కనిపించాయి. రెండోది మింగేశాను. మూడోదీ దాని వెంటే పోయింది.

“‘శబ్దం అస్సలు బాగాలేదు. సరిచేసి పంపండి.’ అంతే చిన్నాయనా.”

ఆయన తొడ మీద చరుచుకున్నాడు.

“కనిపెట్టింది! నేను అనుకుంటానే ఉండా. ఎడమదాంట్లో తోలు సరిగ్గా ఆరలేదు. ఎవరికి తెలుస్తాదిలే అని పంపితిని. కడప మేడం చెవి చూడు!”

ప్రపంచంలో చెప్పు శబ్దం చేస్తోందని ఒక మనిషి ఫిర్యాదు చేస్తే, చాలినంత బాగా చేయట్లేదని అర్థం చేసుకునే మనిషి మా చిన్నాయన ఒక్కడే. ఆయనకు శబ్దం రాకూడదనే కోరిక ఒకటుంటుందనే తెలియదు.

“మరి మంగంపేట?” అన్నాను మెల్లగా.

“తిరిగిరాలేదు కదరా, రిపేరుకొస్తాంది. అది వేరే.”

పాతది ఎట్లున్నా మేడంకు కొత్త జోడే పంపుతానని ఆయన తోలు తేవడానికి లేచిపోయాక చిన్నమ్మ నా పక్కకు వచ్చింది.

“ఫోన్లో రాత అంత పొడుగుంటే, నువ్వు చదివింది ఇంతేనా?”

“నీకు చదువు రాదు కదా చిన్నమ్మా!”

“చదువు రాకుంటే ఏమి, కొలత రాదా నాకు?”

నేను మొత్తం చదివి వినిపించాను. ఆమె ‘ప్రభువా’ అని మాత్రం అని, లోపలికి పోయి, ఆ పూట నాకు ఒక గరిటె చారు తక్కువ వేసింది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

బుధవారం పాత జోడు వెనక్కి వచ్చింది. దాని ఎడమ కాలు విని చూడాలి. ఆడవాళ్ల సైజు, చిన్నాయన కాలు సగమే దూరింది. కొలత చిన్నమ్మదే కాబట్టి ఆమెనే తొడుక్కోమన్నాడు. కిర్రు చెప్పులు మగవాళ్ల సోకు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఒక్కసారీ వేసుకోలేదు, ఈయన ఒక్కసారీ చేసివ్వలేదు. ఆమె కొంగు బిగించి వీధిలోకి దిగింది. కిర్ర్... కుయ్. కిర్ర్... కుయ్. చిన్నాయన అరుగు మీద కళ్లు మూసుకుని విన్నాడు.

“కుడిది మాట్లాడుతాంది. ఎడమది గొణుగుతాంది. ఇంకోసారి పో.”

పోయింది. ఇంకోసారి పొమ్మనకపోయినా పోయింది. నాలుగోసారి వీధి చివర నిలబడి ఎవరితోనో మాట్లాడి, కావాలనే నెమ్మదిగా తిరిగొచ్చింది.

“చాల్లేమే, తెలిసింది” అన్నాడు చిన్నాయన.

“నాకింకా తెలియలేదు” అని ఐదోసారి పోయింది.

అప్పటికి ముసురు పోయి మన ఎండ మనకు వచ్చేసింది. సోమవారమే మిద్దె మీద ఎండబెట్టిన తోలు మూడు రోజులకే అప్పడంలా అయింది. గురువారం గోడవైపు తిరిగి కూర్చున్న చిన్నాయన మామూలు కంటే ఎక్కువసేపు ఇటు తిరగలేదు. మేడం చెవికి తగ్గట్టు ఉండాలని ఆ ‘ఏదో’ రెండింతలు పెట్టినట్టున్నాడు. కొత్త జోడు కింద పెడితే చాలు, ఎవరూ తొడుక్కోకుండానే ఒకసారి కిర్రుమంది. ఆ సాయంత్రమే దాన్ని ఆత్మకూరులో కడప బస్సు డ్రైవరుకు అప్పగించి, మేడం మనిషి బస్టాండులో తీసుకునేలా చెప్పాను. తోవ పొడుగునా అది డ్రైవరు సీటు కింద ఏం మాట్లాడిందో తెలియదు.

శుక్రవారమంతా ఫోను మూగబోయింది. శనివారం పొద్దున మామ ఫోన్ చేసి, సాయంత్రం దాకా చూస్తానన్నాడు. చిన్నాయన చొక్కాలు రెండు మడిచి అరుగు మీద పెట్టాడు. చిన్నమ్మ వాటిని లోపల పెట్టింది. ఆయన మళ్లీ బయట పెట్టాడు. ఇలా ఆ చొక్కాలు మంగంపేట దూరంలో సగం నడిచాక నా ఫోను మోగింది. మేడం. మెసేజీ అయితే మింగొచ్చు, మాటను ఎలా మింగుతాం? చిన్నాయన ఫోను స్పీకరులో పెట్టమన్నాడు.

“శబ్దం సంగతి సరిచేయమంటే ఇంకా పెంచి పంపారేమండీ?” అంది ఆమె.

చిన్నాయన ఫోను దగ్గరికి వంగాడు.

“పెంచినామమ్మా! రెండింతలు పెంచినాం. మీరు చెప్పింది నిజమే తల్లీ, ఎడమది తప్పే. తోలు ఆరలేదు.”

నేను చిన్నమ్మను చూశాను. చిన్నమ్మ పైకప్పును చూసింది.

“నిన్న వేసుకుని వరండాలోకి వచ్చాను” అంది మేడం చివరికి. “ఎనిమిదో తరగతి గది ఆ చివర ఉంటుంది. నేను సగం దూరం రాకముందే పిల్లలంతా కూర్చుని పుస్తకాలు తెరిచారు. ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నా ఇది జరగలేదు. మొదట పంపింది ఎలుకపిల్లలా ఉండేది. ఇది... ఏమో, ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టుంది.”

“అదే కదమ్మా నేనూ అంటాండేది!” చిన్నాయన గొంతు వీధి దాకా పోయింది. “అది గొణుగుతాండె. ఇది మాట్లాడుతాంది.”

“ఇవి ఉంచుకుంటాను. ఇంకో జత కూడా చేసివ్వండి, ఈసారి శబ్దం లేకుండా. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్లని పట్టుకోవాలి.”

చిన్నాయన నన్ను చూశాడు, ఆమె ఏదో పరాయి భాషలో మాట్లాడినట్టు.

“సద్దు లేకుండా నాకు చేతకాదమ్మా. అట్లాటివి ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. పరీక్షలప్పుడు చెప్పులిడిచి పోండి.”

ఆమె నవ్వి, అలాగేనంది. డ్రిల్లు మాస్టారుకు కూడా ఒక జోడు కావాలని, కొలత పంపుతానని పెట్టేసింది.

సాయంత్రం మామ ఫోన్ చేశాడు.

“ఏం బావా, వస్తాండావా?”

“ఆడ ఇచ్చే బూట్లు కిర్రుమంటాయా?”

“బూట్లెందుకు కిర్రుమంటాయి బావా?”

“అట్లయితే రాను” అని ఫోను నా చేతిలో పెట్టి, చొక్కాలు తీసుకుని లోపలికి పోయాడు. అదే ఆయన రాజీనామా, చేరని ఉద్యోగానికి.

మెసేజీలో నేను మింగిన రెండు వాక్యాల సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆత్మకూరు సంతలో ఎవరు కనబడినా కడప మేడం చెవి గురించి చెబుతున్నాడు. పేజీలో ‘కిర్రు’ అనే మాట తిరిగి పెట్టాను. ‘మెట్లు’ కూడా పెట్టమన్నాడు. పెట్టాను. ఇప్పటికీ ఎవరో ఒకరు అంతస్తుల గురించి అడుగుతూనే ఉన్నారు.

గొణిగే ఎడమ కాలును ఆయన విప్పి మళ్లీ కుట్టాడు. ఆ జోడు చిన్నమ్మది. మొన్న ఆదివారం ఇద్దరూ కలిసి ఆరాధనకు ఆలస్యంగా వచ్చారు. బయట రెండు జోళ్లు ఒకదాని వెంట ఒకటి కిర్రుమన్నాయి. పాస్టరుగారు కళ్లు తెరవకుండానే ఈసారి రెండు వాక్యాలు కలిపారు.