తాతగారి పటకా సరిపోయిన ఏడాది

సహోదరులారా, నా ప్రాణం తీయబోయిన జబ్బును నేను ఏడాదిపాటు వంశగౌరవం అనుకొని మోశాను! నిడదవోలు దగ్గర మా తాతగారికి ఒకప్పుడు కనుచూపు మేర భూమి ఉండేది, దివాణం ఉండేది, ఇప్పుడు మాకు మిగిలింది చిన్న పెంకుటిల్లు, ఆయన పంచె మీద నడుముకు పెట్టుకొన్న వెండి పటకా. యాభై దాటిన మగవాడికి బొజ్జ రావాలి, ఆ పటకా నిండాలి, అప్పుడే అతడు ఇంటిపెద్ద అని మా వాళ్ళ లెక్క. మా నాన్నగారు బక్కపలచని మనిషి, దాన్ని పెట్టుకోకుండానే పోయారు. నాకు మాత్రం యాభై దాటాక వచ్చిన క్రిస్మస్‌కు కొలిచి చేయించినట్టు సరిపోయింది!

"పటంలోంచి పెద్ద దొరగారు దిగొచ్చినట్టున్నారండీ!" అని మందిరం గుమ్మంలో అందరూ అంటుంటే, నేను నడుము నిటారుగా పెట్టి ముందు వరుసలో కూర్చున్నాను.

నా భార్య సుగుణ మాత్రం నవ్వలేదు.

"తాతగారిది నేతి బొజ్జండీ. మీరు రెండు ముద్దలకే చాలంటున్నారు, పొట్టొక్కటీ ఎలా పెరుగుద్ది?"

"మా వంశమే అంత."

"అయితే ఆ వంశాన్నే అడగండి, చొక్కా జబ్బల దగ్గర ఎందుకు వదులైందో!"

ఈస్టర్ నాటికి పటకా పట్టలేదు, వంగి చెప్పు తొడుక్కోలేకపోయాను, సుగుణ ఇక మాట వినక రాజమండ్రి తీసుకువెళ్ళింది. పొట్టలో నీరు చేరిందేమోనని సూదితో తీయబోతే చుక్క రాలేదు. డాక్టరమ్మ సూదికొన చూసి, "నీరు కాదండి, జిగురులా ఉంది" అని స్కాన్ తీయించి విశాఖ పంపింది. అక్కడి సర్జన్‌గారు నెమ్మదిగా చెప్పారు: "అపెండిక్స్‌లో చాలా అరుదైన గడ్డండి. అది పగిలి, అందులోని జిగురు పొట్టంతా పాకింది. పెద్ద ఆపరేషన్ చేసి, కనబడిందంతా తీసేసి, వేడిచేసిన కీమో మందుతో పొట్ట లోపల కడుగుతాం. మాటివ్వలేను గానీ, వదిలేస్తే పేగులు మూసుకుపోతాయి."

"అయితే ఇది మా తాతగారి పొట్ట కాదా?" అన్నాను.

"ఆయన్ని నేను చూళ్ళేదండి. ఇది మాత్రం గడ్డే."

ఆపరేషన్ ఉదయం, వెనక తాళ్ళు కట్టే ఆకుపచ్చ గౌనులో నన్ను పడుకోబెట్టినప్పుడు, సుగుణ నా చెయ్యి పట్టుకొని చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, ఈయన వంశం నాకొద్దు, ఈయన కావాలి. ఆ డాక్టరుగారి చేతికి అలుపు రానివ్వకు." నేనూ లోలోపల, "తండ్రీ, దొరగారి మనవడిగా కాదు, ఈమె భర్తగా అడుగుతున్నాను, బతికించు" అన్నాను. అంతవరకు నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరుగను, సహోదరులారా!

సాయంత్రం దాకా సాగిన ఆపరేషన్‌లో బకెట్ నిండా జిగురు తీశారట! తీసిన గడ్డను పరీక్షిస్తే నెమ్మదిగా పెరిగే రకమేనని తేలింది, దేవునికే మహిమ! గంజితో మొదలుపెట్టి మెల్లగా అన్నానికి వచ్చాను, ఏటా స్కాన్‌కు వెళ్తున్నాను, ఇంతవరకు మళ్ళీ ఏమీ కనబడలేదు, ఇకముందు సంగతి ఆయన చేతిలో ఉంది.

ప్రియులారా, ఒళ్ళు తగ్గుతూ పొట్ట మాత్రం పెరుగుతుంటే తాతల పటాలు చూసుకోకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ప్రభువును వెంటబెట్టుకొని వెళ్ళండి, నన్ను విడువనివాడు మిమ్మల్నీ విడువడు!

మొన్న క్రిస్మస్‌కు ఆ పటకా పెట్టుకొంటే మందిరం మెట్ల మీదే మోకాళ్ళ దాకా జారింది. "కొక్కెం లోపలికి జరిపిస్తానుండండి" అని సుగుణ నవ్వింది. వద్దన్నాను. ఇంటికి వచ్చి చింతకాయ రొయ్యలతో మూడోసారి అన్నం పెట్టించుకొన్నాను. పటకా వదులుగా ఉంది, కడుపు నిండుగా ఉంది. నా దేవునికి స్తోత్రం!