టేకు బీరువాలో కొండచిలువ

పట్టుచీరల పెట్టె ఎప్పుడు తెరిచినా కలరా ఉండల వాసన ముఖాన కొడుతుంది. మొన్న ఇక్కడ, మేమిప్పుడు ఉండే టార్నీట్‌లో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికని పెట్టె మూత ఎత్తాను, ఆ వాసన తగలగానే నా చేయి దానంతటదే మూత వేసేసింది. పక్క గదిలో నా కూతురు మేఘన నేల మీద కూర్చుని, మూడు వారాల క్రితం తెచ్చుకున్న చిన్న కొండచిలువ పెట్టెలో, వెచ్చటి మూలన ఒక గూడు, చల్లటి మూలన ఒక గూడు మళ్లీ సర్దుతోంది. నేను చీరను ఇంట్లో దులపలేదు. పెరట్లోకి పట్టుకెళ్లి, గాలి ఆ గది వైపు వీచని చోట చూసుకుని, తీగ మీద ఆరేశాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మేము కాన్‌బెర్రా ఉత్తరాన గంగాలిన్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడు హారిసన్ అనే పేరుతో ఇళ్లు కిక్కిరిసిన చోట అప్పుడు మోకాలెత్తు గడ్డి, ముళ్లతీగ కంచెలు, ఆ కంచెల మీంచి సైకిలు తొక్కే పిల్లల తలల మీదకు దూసుకొచ్చే మాగ్‌పై పిట్టలు ఉండేవి. చలికాలం పొద్దున గడ్డి మీద పేరుకున్న మంచు బూట్ల కింద కరకరలాడేది. చలి తగ్గీ తగ్గగానే గడ్డిలో గోధుమరంగు పాములు బయటికొచ్చేవి. కనబడితే కదలకుండా నిలబడమని బళ్లో నేర్పేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు నాగుల చవితి వచ్చేది. పుట్ట లేదు కనక అమ్మ పచ్చిపాలు, చలిమిడి, నువ్వుల చిమ్మిలి పట్టుకెళ్లి పెరటి చివర యూకలిప్టస్ చెట్టు మొదట్లో పెట్టేది. చెట్టు నూనె వాసన, తడి బెల్లం వాసన కలిసిన ఆ గాలి నాకింకా గుర్తే. చిమ్మిలి ఉండ ఒకటి ఎప్పుడూ నా యూనిఫాం జేబులో కరిగి మరకయ్యేది.

మాది గోదావరి పక్క ఒక దివాణం. ఎన్ని ఊళ్లో చెప్పను. పోయినవాటిని వరసపెట్టి చెప్పుకోవటం మా ఇంట్లో మర్యాద కాదు. నాన్న ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్లు సర్దే ఉద్యోగం చేసేవారు. అయినా ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కోకుండా వీధి తలుపు తీసేవారు కాదు. కుర్చీలో వెన్ను ఆనించి కూర్చుంటే నన్ను కళ్లతోనే సరిచేసేవారు. దివాణం నుంచి మాతో ఓడలో వచ్చిన వస్తువు ఒక్కటే, నిలువెత్తు టేకు బీరువా. గాజు తలుపులు, ఇత్తడి తాళం. దాన్నిండా అమ్మ పట్టుచీరలు, వాటి మడతల్లో గుప్పెళ్లకొద్దీ కలరా ఉండలు. తాతముత్తాతల నుంచి దాన్ని పురుగు ముట్టకపోవటానికి కారణం ఆ ఉండలేనని నాన్న గర్వంగా చెప్పేవారు.

శేషగిరి అంకుల్ మా ఊళ్లో తెలుగువాళ్లందరికీ పెద్ద డాక్టరు. ఆయన తండ్రి మా దివాణంలో గుమాస్తా. ఆ సంగతి కాన్‌బెర్రాలో మా రెండిళ్లకే తెలుసు. ఉగాదికి బడి హాల్లో తెలుగువాళ్లందరం కలిసినప్పుడు, అల్యూమినియం ట్రేల్లో పులిహోర, దద్ధోజనం బల్ల పొడుగునా పరిచి ఉన్నప్పుడు, అంత పెద్ద డాక్టరూ మా నాన్న దగ్గరికి వచ్చి, చేతులు ముందుకు కట్టుకుని, “బాగున్నారా బాబుగారూ” అనేవారు. ఆ మాటలో వెటకారం ఉండేది కాదు. ఆ ఒక్క మాటతో నాన్న ఏడాదంతా ఆఫీసుకి వెళ్లగలిగేవారని ఇప్పుడు అనిపిస్తుంది.

వాళ్లబ్బాయి కార్తీక్ నా తరగతే. వాళ్లింట్లో కొండచిలువలు పెంచేవారు. ఆ వసంతంలో అంకుల్ ఒక దిండు గలీబులో మచ్చల కొండచిలువ పిల్లను వేసి మా ఇంటికి తెచ్చారు. మూర పొడవు, చూపుడువేలు లావు.

“మావాడు పెంచే పాముపిల్లల్లో ఇదే చురుకైందండి బాబుగారూ. అమ్మాయిగారికని తెచ్చాను.”

నాన్న లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నారు. గుమాస్తా ఇంటి నుంచి వచ్చిన కానుక మరి. పాము పెంచటానికి ఇచ్చే పర్మిట్ కాగితంలో ఇంటిపేరు రాసే గళ్లు చాలక పక్క మార్జిన్‌లో పూర్తిచేశారు. దానికి రాణి అని నేనే పేరు పెట్టాను.

పెట్టె కొనటం నాన్నకు నచ్చలేదు. చీరలు తీయించి, బీరువా అడుగు అర ఖాళీ చేయించారు. శనివారమంతా చొక్కా చేతులు మడిచి, పక్క చెక్కలకు గాలి కోసం కన్నాలు వేశారు. కింద ఒక పక్క హీట్ మ్యాట్, దాని వేడి మించకుండా థర్మోస్టాట్, పైన కాగితాలు పరిచాం. వెచ్చటి మూలన బోర్లించిన కొబ్బరిచిప్ప, చల్లటి మూలన పగిలిన మట్టికుండ పెంకు. నీళ్లకు మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక వెండిగిన్నె. తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాం. టేకు మెరిసింది. తాళంచెవి తిప్పినప్పుడు ఖణేలుమన్న చప్పుడు నాకు ఎంతో బాగుండేది.

నాగుల చవితినాడు అందరినీ పిలిచారు. ఆంటీలు గాజు తలుపులకు దూరంగా నిలబడి దణ్ణాలు పెట్టుకున్నారు. అంకుల్ మాత్రం వంగి, కన్నాల దగ్గర ముక్కు పెట్టారు.

“బాబుగారూ, కలరా ఉండల వాసన వస్తోందండి.”

“ఖాళీ చేయించాం కదా.”

“చెక్క పీల్చేసిందండి. వేడికి ఇంకా బయటికి ఊరుతుంది. వీటి లంగ్స్ చాలా సెన్సిటివ్. మా గరాజ్‌లో పాత గాజు పెట్టె ఖాళీగా ఉంది, ఈ ఆఫ్టర్‌నూనే తెచ్చి పడేస్తాను.”

ఆంటీలు ఇటు తిరిగారు. నాన్న నవ్వారు.

“శేషగిరీ, మా తాతగారి కత్తి ఉండిన బీరువా ఇది. పాముకి చాలదంటావా?”

“అది కాదండీ…”

“మీరు వాడి వదిలేసిన పెట్టె మాకెందుకయ్యా. చిమ్మిలి తిను.”

కానుక వేరు, ఒకరు వాడి వదిలేసింది వేరు. ఆ తేడా నాకు తొమ్మిదేళ్లకే తెలుసు. నాన్న సరిగ్గా చెప్పారనుకుని నా వెన్ను ఇంకా నిటారు చేశాను.

మొదటి వారం రాణి బీరువా అంతా తిరిగింది. రెండో వారం గూళ్లలోకి పోవటం మానేసి, గాలి కన్నానికి మూతి ఆనించి గంటలకొద్దీ అలాగే ఉండేది. నేను బయటినుంచి వేలు పెడితే నాలుక తగిలేది. తిండికని పెట్టిన ఎలుకపిల్లను ముట్టలేదు. “ఆ వాసనకి నాకే తల పగిలిపోతోంది, దానికెలా ఉందో” అంది అమ్మ. నాన్న పేపరు దించలేదు. ఆ తర్వాత అది తల మెల్లగా పైకెత్తి, మెడ వెనక్కి వంచి, బీరువా కప్పు వైపు కదలకుండా చూడటం మొదలుపెట్టింది.

“చూశావా, ఎంత రాజసమో” అన్నారు నాన్న. ఈసారి పేపరు దించారు.

బళ్లో కార్తీక్ రోజూ అడిగేవాడు. “ఈజ్ షి ఈటింగ్?”

“ఆఫ్ కోర్స్” అనేదాన్ని.

“డాడ్ సెడ్ ఐ షుడ్ ఆస్క్. షి డజంట్ లుక్ అప్, లైక్, వియర్డ్?”

“నో. షి ఈజ్ పర్ఫెక్ట్.”

నాలుగు రోజులు అదే జవాబు చెప్పాను. నిజం చెబితే ఆ సాయంత్రమే వాళ్ల కారు మా ఇంటి ముందు ఆగుతుందని, గాజు పెట్టె దిగుతుందని నాకు తెలుసు. రాణి బతుకుతుందని కూడా తెలుసు. తెలిసే చెప్పలేదు.

ఐదో రోజు పొద్దున అది వెండిగిన్నె అంచు మీద గడ్డం ఆనించి, నోరు కొంచెం తెరిచి ఉంది. నాన్న తన ఇస్త్రీ రుమాలులో చుట్టి, అమ్మ పాలు పోసే చెట్టు మొదట్లోనే పాతిపెట్టారు. నేలమీద మంచు లేదు, ఎండ బాగా కాస్తోంది. అయినా ఆయన పలుగుతో చాలాసేపు తవ్వారు. మధ్యాహ్నానికల్లా చీరలు మళ్లీ బీరువాలోకి చేరాయి.

వారం తర్వాత అంకుల్ వచ్చారు. గాజు తలుపుల వెనక పట్టుచీరలు చూశారు. కన్నాలు చూశారు.

“అది లేదు” అన్నారు నాన్న.

అంకుల్ “సరేనండి” అని నా తల మీద చేయి వేసి వెళ్లిపోయారు. తర్వాతి ఉగాదికి బడి హాల్లో, పులిహోర ట్రేల పక్కన, చేయి ముందుకు చాచి, “బాగున్నారా సార్” అన్నారు. నాన్న ఆ చేయి అందుకుని కలిపారు. ఆ తర్వాత ఈ దేశంలో ఆయన్ను బాబుగారూ అని ఎవరూ పిలవలేదు.

బీరువా ఇప్పుడు లేదు. ఇల్లు మారినప్పుడు కన్నాలున్న చెక్కని ఎవరూ కోరలేదు; వీధి పక్కన పెడితే వానకు ఉబ్బి, మున్సిపాలిటీ బండి ఎక్కింది. ఆ గడ్డి లేదు, ఆ చెట్టును కొట్టేశారు, నాన్నా లేరు. కలరా ఉండల వాసన ఒక్కటి నా పెట్టెలో మిగిలింది.

చీర ఆరేసి లోపలికి వచ్చేసరికి మేఘన ఫోనులో మాట్లాడుతోంది, పాము అమ్మిన ఆవిడతో. “యా, హి ఈజ్ ఈటింగ్ ఫైన్” అంటోంది. ఫ్రీజర్‌లోంచి తీసిపెట్టిన ఎలుక మూడోసారి కూడా తాకకుండా పళ్లెంలోనే ఉంది. మేఘన మెడ నిటారుగా ఉంది. ఆ మెడ నాకు తెలుసు.

“ఎందుకలా చెప్పావే?”

“దెన్ షి విల్ థింక్ ఐ కాంట్ డూ ఇట్, అమ్మా.”

ఫోను తీసుకున్నాను. పాము తినలేదని, మూడు వారాలైందని, ఏం చేయాలో మాకు తెలియదని ఆవిడతో ఇంగ్లిషులో చెప్పాను. ఆ చివరి మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. పాము ఇప్పుడు తల ఎలా పెట్టుకుని ఉందని ఆవిడ అడిగింది. మేఘన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. గూట్లోంచి పాము తల మెల్లగా బయటికి వచ్చి పైకి లేస్తోంది. అది ఎటు చూస్తుందో తెలియటానికి నేను ఇంకా వంగాను.